హనీమూన్‌కు ముందు ఒక రక్తపరీక్ష

ఉక్కునగరం భిలాయి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి కొత్త జంట హనీమూన్‌కని విమానంలో లేహ్ వెళ్తే, ఒక్కరోజులోనే దాదాపు 3,500 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారం ఎవరికైనా రావచ్చు. మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే చాలావరకు సర్దుకుంటాయి.

భిలాయి జంటలు ఆలోచించాల్సింది మరొకటుంది. సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ జన్యువు వచ్చినవారిని వాహకులంటారు. సాధారణంగా లక్షణాలేవీ ఉండవు కనుక చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు మాత్రం వీరి ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, ప్లీహంలో రక్తప్రసారాన్ని అడ్డుకోవచ్చు. ఇది అరుదే. అయినా ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తే, గ్యాస్ అనుకుని మాత్ర మింగి ఊరుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఆక్సిజన్ అందాలి, తక్కువ ఎత్తుకు దిగాలి. వాహకులు ప్రయాణం మానుకోనక్కర్లేదు. డాక్టరును అడిగి, మెల్లగా ఎత్తుకు వెళ్తే మేలు. వ్యాధి ఉన్నవారి సంగతి వేరు, వారు కొండలకు బదులు వేరే చోటు ఎంచుకోవడమే మంచిది.

సాల్యుబిలిటీ పరీక్షకు కొద్దిపాటి రక్తం, కొన్ని నిమిషాలు చాలు. పాజిటివ్ వస్తే వాహకులా, రోగులా అన్నది ఎలక్ట్రోఫోరెసిస్ వంటి పరీక్ష తేలుస్తుంది. నిజానికి ఇది పెళ్లికి ముందే చేయించుకోవాల్సింది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లయ్యాక తెలిసినా, గర్భం దాల్చకముందే జన్యు సలహా తీసుకునే వీలుంటుంది.