ప్రయాణానికి ఎంత డేటా కావాలి?

కొళాయి మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు అమ్మ ఏం చేస్తుంది? తాగడానికెన్ని బిందెలు, వంటకెన్ని అని లెక్క చూసుకుని పట్టి పెడుతుంది. అనంతపురం పిల్లలకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. ఫోనులో డేటా దగ్గర మాత్రం ఎందుకో మరచిపోతారు!

నిరుడు మా పిల్లలతో బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం చూడబోయాం. అనంతపురంలో బస్సెక్కగానే ఒకడు ఫోనులో సినిమా పెట్టాడు. బాగేపల్లి దాటాక ఆ రోజు డేటా 1.5 గిగాబైట్లూ అయిపోయింది. సాయంత్రం వాడు జనంలో తప్పిపోయాడు. మేమున్న చోటు పంపించాం గాని వాడి ఫోనులో మ్యాపు తెరుచుకోలేదు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర గనక, ఒక బోర్డు కూడబలుక్కుని చదివి చెప్పాడు. ఆ అరగంట నా ప్రాణం నాలో లేదు.

తప్పెక్కడ జరిగిందో చూద్దాం. కొళాయి ధార ఎంత, ఎంతసేపు తిప్పాం అన్నవి తెలిస్తే నీళ్ళెన్నో తెలుస్తుంది కదా? డేటా కూడా అంతే. ఈ ధారను సెకనుకు ఇన్ని బిట్లు అని కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు.

పాట ధార సాధారణంగా సెకనుకు 128 కిలోబిట్లు అనుకోండి. 8తో భాగిస్తే 16 కిలోబైట్లు. గంటకు 3600 సెకన్లు గనక సుమారు 58 మెగాబైట్లు. ఒక మోస్తరు వీడియోకు సెకనుకు 1.5 మెగాబిట్లనుకుంటే గంటకు 675 మెగాబైట్లు! ఇక రాత సంగతి: ‘అనంతపురం’ అన్న మాటకు కావలసింది 24 బైట్లే. కబురు పంపడానికి పిసినారితనం అక్కరలేదు.

ఇప్పుడు మీ ప్రయాణానికి లెక్క వేయండి. రెండు గంటల పాటలకు 116, అరగంట వీడియోకు 338, మూడేసి మెగాబైట్ల ఫోటోలు 20 పంపితే 60. మ్యాపుకు, ఫోను తనంతట తాను తెచ్చుకునే వాటికి మరో 150. మొత్తం 664. దారిలో ఏమవుతుందో చెప్పలేం గనక ఇందులో నాలుగో వంతు కలపండి: 830 మెగాబైట్లు.

నా అంకెలను గుడ్డిగా నమ్మకండి. ఫోను సెట్టింగులలో ఎంత డేటా వాడారో కనిపిస్తుంది. కరెంటు మీటరు చూసినట్టు, వీడియోకు ముందొకసారి, గంట తరువాత ఒకసారి రాసుకుని తీసివేయండి. నాణ్యత తగ్గించి మళ్ళీ కొలవండి. మ్యాపును ఇంటి దగ్గరే, వైఫై ఉన్నచోట, ముందుగా దించుకోవచ్చు.

మావాడు తరువాత తన సినిమా లెక్క తానే వేశాడు. 1500ను 675తో భాగిస్తే 2 గంటల 13 నిమిషాలు. సరిగ్గా క్లైమాక్సు ముందే ఆగిపోయిందట!