చావుతో మొదలై పుట్టుకతో ముగిసే నవల

కథను చివర నుంచి ఎత్తుకోవడం మనవారికి కొత్త కాదు. సర్పయాగం దగ్గర కూర్చున్న జనమేజయుడు తన ముత్తాతల కథ చెప్పమంటేనే వైశంపాయనుడు భారతం చెప్పాడు. సినిమాల్లో ముసలితల్లి గోడ మీద ఫోటో వంక చూడగానే పాతరోజులు తెర మీదకు వస్తాయి. అయితే ఇవన్నీ ఒకసారి వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ముందుకే నడుస్తాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెనక్కే నడిచే నవల ఒకటుంది. ఆంగ్ల రచయిత మార్టిన్ ఏమిస్ రాయగా 1991లో వెలువడిన 'టైమ్స్ యారో'. కాలమనే బాణం అని అర్థం చెప్పుకోవచ్చు. ఆ ఏడాది బుకర్ బహుమతి తుది జాబితాకెక్కింది గాని బహుమతి రాలేదు. 1949లో పుట్టిన ఏమిస్ 2023లో మరణించారు.

అమెరికాలో టాడ్ ఫ్రెండ్లీ అనే ముసలి డాక్టరు మరణంతో కథ మొదలవుతుంది. ఆ క్షణంలో ఆయన లోపల ఒక గొంతు మేలుకుంటుంది. కథంతా చెప్పేది అదే. డాక్టరు భయాలు దానికి తెలుస్తాయి గాని ఆలోచనలు తెలియవు. చేయి కదపమన్నా ఆ శరీరం దాని మాట వినదు. పైగా దాని కంటికి లోకమంతా వెనక్కి తిప్పిన సినిమా రీలులా కనిపిస్తుంది. అన్నం నోట్లోంచి పళ్లెంలోకి వస్తుంది, పళ్లెంలోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి దుకాణానికి పోతుంది. దుకాణదారు ఎదురు డబ్బులిచ్చి పంపుతాడు. ముసలాయన రోజురోజుకూ పడుచువాడవుతుంటాడు.

ఇది చదవడం కష్టమా అంటే, కష్టమే. ముఖ్యంగా సంభాషణలు. మన సంతలో బేరం ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి. ముందు 'సరే, వస్తా' అంటాడు, తరువాత డబ్బు తీసుకుంటాడు, ఆ తరువాత ధర ఎక్కువని గొణుగుతాడు, చివరకు 'కిలో ఎంత?' అని అడిగి వెళ్లిపోతాడు. నవలలో మాటలన్నీ ఇదే వరుస. దీనికి నాకు కుదిరిన ఉపాయం ఒక్కటే. మాటలున్న చోట పేజీ అడుగు నుంచి పైకి చదువుకుంటూ పోవడం. నాలుగైదు సార్లు అలా చేశాక కన్ను దానంతట అదే అలవాటు పడుతుంది.

ఆసుపత్రి ఘట్టాలు మొదట నవ్విస్తాయి. తలకు కట్టుతో వచ్చినవాడికి డాక్టరు కట్టు విప్పి, చెత్తలోంచి తుప్పు పట్టిన మేకు తీసి గాయంలో గుచ్చి బయటకు పంపుతాడు. నడుచుకుంటూ వచ్చినవారు రక్తమోడుతూ పోతారు. లోపలి గొంతుకు ఇదంతా ఘోరంగా తోస్తుంది. డాక్టర్లంటే మనుషులను పాడు చేసేవారని నమ్ముతుంది. హస్తవాసి మంచిదని మనం చెప్పుకునే చేతులనే అది అసహ్యించుకుంటుంది. అమెరికాలోని ఆడవాళ్లతో స్నేహాలు, తగాదాల భాగం మాత్రం సాగతీతే. అక్కడ ఉపాయం పాతబడిపోయి విసుగేస్తుంది. పుస్తకం మూసేయాలనిపించేది అక్కడే. మూయకూడదు.

డాక్టరు పేర్లు మారుతుంటాయి. న్యూయార్క్‌లో జాన్ యంగ్. 1948లో ఓడ ఎక్కి ఐరోపా చేరాక పోర్చుగల్‌లో హామిల్టన్ డిసౌజా. ఎందుకిన్ని పేర్లో పాఠకుడికి అనుమానం మొదలవుతుంది. చివరకు అసలు పేరు బయటపడుతుంది, ఓడిలో ఉన్ఫెర్డోర్బెన్. ఆ ఇంటిపేరుకు జర్మన్ భాషలో చెడిపోనివాడని అర్థం. ఆయన పని చేసిన చోటు ఆష్విట్జ్.

పోలెండు గడ్డ మీద నాజీలు నడిపిన ఆ శిబిరంలో దాదాపు 11 లక్షల మందిని చంపారు. అందులో 10 లక్షల దాకా యూదులే. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చాక గాని దానికి విముక్తి లేదు. రైలు దిగిన వాళ్లలో పనికొచ్చేవారెవరో, నేరుగా విషవాయువు గదికి పోవాల్సిందెవరో తేల్చింది డాక్టర్లే. నవలలో ఇక్కడికి వచ్చేసరికి లోపలి గొంతు తొలిసారి సంతోషపడుతుంది. దాని కంటికి పొగ దిగివచ్చి బూడిదవుతుంది, బూడిద మనుషులవుతుంది. డాక్టర్లు వాళ్ల పళ్లకు బంగారం తొడిగి, బట్టలిచ్చి, విడిపోయిన తల్లీబిడ్డలను కలిపి రైలెక్కించి ఊళ్లకు పంపుతారు. ఇన్నాళ్లకు డాక్టరు మంచి పని చేస్తున్నాడని అది మురిసిపోతుంది. చదివేవాడికి మాత్రం ప్రతి వాక్యాన్నీ తనే తిప్పి నిలబెట్టుకోవాల్సి వస్తుంది. తిప్పిన ప్రతిసారీ ఒక మనిషి చనిపోతాడు. ఆ పేజీల దగ్గర నేను రోజుకు రెండు మూడింటికి మించి చదవలేకపోయాను.

అక్కడి నుంచి కథ ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కోటకు పోతుంది. 1939లో మొదలైన రహస్య పథకం కింద మతిస్థిమితం లేనివారినీ, వికలాంగులనూ విషవాయువుతో చంపిన ఆరు కేంద్రాల్లో అదొకటి. 1941 ఆగస్టు నాటికే ఆ ఆరింటిలో 70 వేల మందికి పైగా బలయ్యారు. ఏదో జబ్బు చేసి పోయారని ఇళ్లకు దొంగ ఉత్తరాలు రాసేవారు. యుద్ధానంతరం నూరెంబర్గ్‌లో 1946-47లో జరిగిన డాక్టర్ల విచారణలో 23 మంది నిందితులుగా నిలబడ్డారు. ఏడుగురికి ఉరి పడింది. తప్పించుకున్నవారూ ఉన్నారు. ఆష్విట్జ్ డాక్టరు మెంగెలే 1979లో బ్రెజిల్‌లో నీట మునిగి చనిపోయేదాకా చట్టానికి చిక్కలేదు.

నాజీ డాక్టర్లపై రాబర్ట్ జే లిఫ్టన్ 1986లో ప్రచురించిన పరిశోధన గ్రంథం చదివాకే ఏమిస్‌కు ఈ నవల రూపు కట్టింది. ఇంత ఘోరాన్ని గారడీకి వాడుకున్నాడని కొందరు విమర్శకులు అప్పట్లో దుయ్యబట్టారు. అమెరికా భాగం వరకైతే ఆ మాటలో కొంత నిజముంది. ఆష్విట్జ్ భాగానికి అది అతకదని నా అభిప్రాయం. ప్రాణం పోయాల్సిన చేయి ప్రాణం తీస్తే ఎంత తలకిందులో, సూటిగా చెబితే విని ఊరుకుంటాం. ఇక్కడ ఆ తలకిందులును మన చేతే సరిచేయిస్తాడు.

పుస్తకం పలుచనిదే, రెండు వందల పేజీలు కూడా లేవు. ఇంటర్ ఇంగ్లీషు వచ్చినవారు నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు పది పేజీల చొప్పున మూడు వారాల్లో ముగించవచ్చు. మధ్యలో వచ్చే జర్మన్ మాటలకు ఆగనక్కర లేదు. మొదటి అధ్యాయం మాత్రం రెండుసార్లు చదివాకే రెండోదానికి వెళ్లాలి.