వంద డాలర్ల రాత్రి: ఊరి రాక్ బ్యాండ్ లెక్కలు

అమెరికాలో ఒక మామూలు ఊరు, అందులో ఒక మామూలు బార్. శనివారం రాత్రి 9 గంటలకు పాట మొదలైతే ఒంటిగంటకు ఆగుతుంది. మధ్యలో విరామాలు పోగా 45 నిమిషాల చొప్పున నాలుగు విడతలు పాడాలి. పాటకు సగటున నాలుగున్నర నిమిషాలు పడితే విడతకు 10 పాటలు, రాత్రికి 40. వేదిక మీద అయిదుగురు: గాయకుడు, ఇద్దరు గిటారిస్టులు, ఒక బేస్, ఒక డ్రమ్స్. వాళ్లు పాడే 40 పాటల్లో వాళ్లు రాసినది ఒక్కటీ ఉండదు. జనం వచ్చేది లెడ్ జెప్లిన్, ఈగిల్స్, క్వీన్, జర్నీ పాటల కోసం. అందుకే దీన్ని కవర్ బ్యాండ్ అంటారు.

మన దగ్గర వినాయక చవితి పందిట్లోనో పెళ్లి రిసెప్షన్‌లోనో ఆర్కెస్ట్రా వాళ్లు ఘంటసాల పాటతో మొదలుపెట్టి కొత్త సినిమా పాట దాకా వస్తారు. వీళ్ల పనీ అలాంటిదే. కాకపోతే వీళ్ల పాటల కాలం ఇరుకు: 1960ల మధ్య నుంచి 1980ల మధ్య దాకా, ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్ల పాటలనే పదేపదే వేసే ఎఫ్ఎం రేడియో స్టేషన్లు 1980ల తొలి రోజుల్లో పుట్టుకొచ్చి, వాటికి ‘క్లాసిక్ రాక్’ అన్న పేరును స్థిరపరిచాయి. 1976లో 18 ఏళ్లున్న కుర్రాడికి 2026లో 68 నిండుతాయి. బార్‌లో ముందు వరసలో అతనుంటాడు. పక్కన అతని మనవరాలు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇద్దరికీ అవే పాటలు నోటికొచ్చు.

ఇక డబ్బు సంగతి. మనిషికి 100 డాలర్లు అనుకుందాం. ఇది ఏ చట్టమో పెట్టిన రేటు కాదు. ఊరిని బట్టి, బార్‌ను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. కానీ అక్కడి వాద్యకారుల మాటల్లో దశాబ్దాలుగా నలుగుతున్న అంకె ఇదే. చూడ్డానికి బాగానే ఉంటుంది, నాలుగు గంటలకు వంద డాలర్లు కదా అనిపిస్తుంది. అసలు లెక్క వేరు. సాయంత్రం ఆరున్నరకు వ్యాన్‌లో సామాను ఎక్కించుకుని ఇల్లు వదలాలి. దించాలి, తీగలు కలపాలి, మైకులు సరిచూడాలి. ఒంటిగంటకు పాట ఆగాక అన్నీ విప్పి, చుట్టి, మళ్లీ ఎక్కించి ఇంటికి చేరేసరికి రెండున్నర. మొత్తం 8 గంటలు. గంటకు పన్నెండున్నర డాలర్లు. ఆ వారంలో మూడేసి గంటల రిహార్సల్ రెండుసార్లు చేసి ఉంటే గంటలు 14కు చేరతాయి. 100ను 14తో భాగిస్తే 7 డాలర్ల 14 సెంట్లు. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. పెట్రోలు, గిటారు తీగలు, డ్రమ్ కర్రలు ఇంకా తీసివేయలేదు. కొత్త పాటను ఇంట్లో ఒంటరిగా కూర్చుని నేర్చుకున్న గంటలూ కలపలేదు.

ఆ వంద కూడా ఒకప్పటి వంద కాదు. అమెరికా ధరల సూచీ ప్రకారం 1980లో 100 డాలర్లకు వచ్చినంత సరుకు 2024లో కొనాలంటే దాదాపు 380 డాలర్లు కావాలి. 1980లో బార్లో వంద తీసుకున్న గిటారిస్టు ఈనాడూ వందే తీసుకుంటుంటే, అతని కూలి నాలుగో వంతుకు దిగిపోయిందన్న మాట. అందుకే ఈ బ్యాండ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. బడిలో పాఠాలు చెబుతారు, మెకానిక్ షెడ్డు నడుపుతారు, సాఫ్ట్‌వేర్ రాస్తారు. నా ఉద్దేశంలో వీళ్లను ‘సరదాకి వాయించేవాళ్లు’ అనడం అన్యాయం. పగటి ఉద్యోగం ఇల్లు గడవడానికి. రాత్రి చేసేది కూడా పనే, అదీ ఒళ్లు వంచి చేసే పని. గిటారిస్టులకు ఎంతో ఇష్టమైన ఫెండర్ ట్విన్ రివర్బ్ యాంప్లిఫయర్ పాత నమూనా ఒక్కటే 29 కిలోలు. ఎనిమిది స్పీకర్ల ఆంపెగ్ బేస్ పెట్టె అయితే 60 కిలోలు దాటుతుంది. యాభై దాటిన మనిషి దాన్ని రాత్రి రెండింటికి మెట్ల మీంచి దించుతాడు.

పాటల దగ్గరికొస్తే లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సెట్‌లిస్టు అంటే ఇష్టమైన పాటల జాబితా కాదు, అది నిమిషాల పంపకం. లెడ్ జెప్లిన్ 1971లో విడుదల చేసిన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ 8 నిమిషాల 2 సెకన్లు. దానికి చోటిస్తే రెండు మామూలు పాటలు పోతాయి. పైగా మొదటి సగంలో డ్రమ్స్ ఉండవు, కాబట్టి నాట్యం చేసేవాళ్లు కూర్చుండిపోతారు. బార్ యజమాని చూసేది ఆ రాత్రి ఎంత సరుకు అమ్ముడైందన్నదే. నిలబడి ఆడేవాళ్లు ఎక్కువసేపు ఉంటారు, ఎక్కువ తాగుతారు. అందుకే అనుభవం ఉన్న బ్యాండ్ మూడో విడతలో పొడుగు పాటల జోలికి పోదు.

ఈగిల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ది మరో చిక్కు. 1976 డిసెంబరులో వచ్చిన ఆ పాట నిడివి ఆరున్నర నిమిషాలు. చివరి రెండు నిమిషాలు ఇద్దరు గిటారిస్టుల సంవాదమే. డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఒకరి తర్వాత ఒకరు వాయించి, ఆఖరికి జోడీగా స్వరాలు కలుపుతారు. వినేవాళ్లకు ఆ రెండు నిమిషాల్లో ప్రతి స్వరమూ కంఠతా వచ్చు. ఒక్కటి తప్పినా గదిలో సగంమంది పట్టేస్తారు. బ్యాండ్‌లో గిటారు ఒక్కటే ఉంటే ఆ పాట జోలికి వెళ్లకపోవడమే నయం. ఉన్న ఇద్దరూ సరిగా కలవాలంటే దానికే కొన్ని వారాల రిహార్సల్ పడుతుంది.

క్వీన్ ‘బొహీమియన్ రాప్సొడీ’ (1975, 5 నిమిషాల 55 సెకన్లు) కథ వినండి. మధ్యలో వచ్చే ఒపేరా భాగంలో ముగ్గురు గాయకులు తమ గొంతుల్ని పొరలు పొరలుగా పదేపదే రికార్డు చేసి కలిపారు. దాన్ని వేదిక మీద నలుగురు పాడటం అసాధ్యమని క్వీన్‌కే తెలుసు. కచేరీల్లో ఆ భాగం రాగానే వాళ్లు వేదిక దిగిపోయేవారు, టేపు మోగేది, రాక్ భాగానికి తిరిగొచ్చేవారు. సృష్టించినవాళ్లే టేపు మీద ఆధారపడిన పాటను ఊరి బ్యాండ్ అయిదుగురితో అక్కడికక్కడే పాడటానికి సాహసిస్తుంది. అలాంటి ప్రయత్నాన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం.

జర్నీ 1981లో తెచ్చిన ‘డోంట్ స్టాప్ బిలీవిన్’’ పాటలో ఇంకో విచిత్రం ఉంది. పాట పేరు ఉన్న పల్లవి, జనమంతా గొంతు కలిపే ఆ భాగం, మూడు నిమిషాలు దాటాక గానీ మొదటిసారి రాదు. నాలుగు నిమిషాల పాటలో ఆఖరి నిమిషం అది. అంతదాకా గదిని నిలబెట్టి ఉంచాల్సింది గాయకుడే. ఆ గాయకుడి కష్టం గొంతు పైస్థాయిది. స్టీవ్ పెర్రీ ఆ పాట పాడినప్పుడు ముప్పై రెండేళ్లవాడు. రాబర్ట్ ప్లాంట్ ‘స్టెయిర్‌వే’ పాడినప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు. ఊరి బ్యాండ్ గాయకుడికి యాభై అయిదు. ఏం చేస్తారు? గిటార్లన్నిటినీ అర శ్రుతి దించుతారు. లావు తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర మోగాల్సింది 77.8 దగ్గర మోగుతుంది. ఆరు శాతం కూడా లేని తేడా. వినేవాళ్లు గమనించరు, కానీ రాత్రికి 40 పాటలు పాడే గొంతుకు మూడో విడత, నాలుగో విడత దక్కేది ఆ ఆరు శాతంతోనే.

ఒకరి పాటలు పాడి ఏం సాధిస్తారని అడిగేవాళ్లకు చరిత్రలో గట్టి జవాబే ఉంది. 1960 ఆగస్టు 17న లివర్‌పూల్ కుర్రాళ్లు అయిదుగురు జర్మనీలో హాంబర్గ్ నగరపు ఇంద్ర క్లబ్బులో పాడటం మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో రాత్రికి నాలుగున్నర గంటలు, వారాంతాల్లో ఆరు. ఒక్కొక్కరికి రోజుకు 30 మార్కులు. అప్పటి మారకంలో దాదాపు 7 డాలర్లు, 2024 ధరల్లో చూస్తే సుమారు 75. పాడినవన్నీ దాదాపు చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ లాంటి అమెరికన్ల పాటలే. ఆ బ్యాండే బీటిల్స్. ఇంద్రలో 48 రాత్రులు పాడాక కైజర్‌కెల్లర్ క్లబ్బుకు మారారు. నవంబరులో, ఇంకా పదిహేడేళ్లే ఉన్న జార్జ్ హారిసన్‌ను అధికారులు వెనక్కి పంపేశారు. అయినా మళ్లీ వెళ్లారు. 1961లో టాప్ టెన్ క్లబ్బులో మూడు నెలలు వరసగా పాడారు.

1962 జనవరి 1న డెకా కంపెనీ దగ్గర పరీక్షకు నిలబడినప్పుడు వాళ్లు పాడిన 15 పాటల్లో సొంతవి మూడే. కంపెనీ తిరస్కరించింది. 1963లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో 14 పాటలుంటే ఆరు ఇతరులవి. అందులో పది పాటలు ఫిబ్రవరి 11న ఒక్కరోజులో రికార్డయ్యాయి. ఆ రోజు చిట్టచివర పాడిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ కూడా కవరే. ఒక్కరోజులో పది పాటలు ముగించగలిగే సత్తా స్టూడియోలో పుట్టలేదు, హాంబర్గ్ రాత్రుల్లో పుట్టింది.

మన దగ్గరా సరిగ్గా ఇలాంటి చరిత్రే ఉంది. 1960ల చివర్లో మద్రాసులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక లైట్ మ్యూజిక్ బృందాన్ని నడిపారు. సినిమా పాటలు వాయించే ఆ బృందంలో ఇళయరాజా, ఆయన అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ ఉన్నారు. ఇళయరాజా తొలి సినిమా ‘అన్నక్కిళి’ 1976 దాకా రాలేదు. అన్నేళ్లూ ఆయన చేతులు ఇతరుల పాటలు వాయించాయి. ఊరి బ్యాండ్‌లో ప్రతి గిటారిస్టూ ఇళయరాజా కాడు, కానక్కర్లేదు కూడా. ఇతరుల పాటను స్వరం తప్పకుండా వాయించడం దానికదే ఒక విద్య.

ఆ విద్యకు చెల్లించే మూల్యంలో మొదటిది చెవి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కు ఒకటి, 97కు అరగంట, 100కు పావుగంట. చిన్న బార్‌లో డ్రమ్స్ పక్కన నిలబడితే 100 దాటడం మామూలే. నాలుగు విడతలంటే 180 నిమిషాలు, అంటే హద్దుకు 12 రెట్లు. ఇలా వారం వారం జరిగితే చెవిలో ఈల మోత మొదలవుతుంది. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో పర్యటన మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది, పూర్తిగా చెవుడు వస్తుందని వైద్యులు హెచ్చరించడం వల్లే.

దీనికి మందు చవకే. వాద్యకారుల కోసమే చేసిన చెవి బిరడాలు అన్ని స్థాయిల శబ్దాన్నీ సమానంగా 15 డెసిబెల్స్ తగ్గిస్తాయి. 100 కాస్తా 85 అవుతుంది. పావుగంట హద్దు 8 గంటలకు పెరుగుతుంది. అయినా వేసుకోనివాళ్లు చాలామంది.

ఇతరుల పాట పాడితే వాళ్లకు డబ్బు కట్టాలా అన్నది చాలామంది సందేహం. కట్టాలి, అయితే అమెరికాలో కట్టేది బ్యాండ్ కాదు, బార్. 1914లో ఏర్పడిన ఆస్కాప్, 1939లో వచ్చిన బీఎంఐ లాంటి సంఘాలకు యజమాని ఏటా లైసెన్సు రుసుము చెల్లిస్తే ఆ సొమ్ము పాట రాసినవాళ్లకు చేరుతుంది. భోజనానికి వచ్చినవాళ్ల దగ్గర పాటకు వేరుగా టికెట్టు తీసుకోకపోయినా అది లాభం కోసం చేసిన ప్రదర్శనేనని అక్కడి సుప్రీంకోర్టు 1917లోనే తేల్చింది. బ్యాండ్ ఆ పాటల్ని సీడీగా తెస్తే మాత్రం లెక్క వేరు. 1909 చట్టం పాటకు 2 సెంట్లు అంది. 2025 నాటికి అది 12.7 సెంట్లు. పది పాటల సీడీలు 500 వేస్తే 635 డాలర్లు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపుకూ పెళ్లి వేడుకలకూ మినహాయింపు ఇచ్చింది. హోటల్‌లో, పబ్‌లో జరిగే వాణిజ్య కచేరీకి ఆ మినహాయింపు వర్తించదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ బ్యాండ్లు వారాంతంలో ఇంటికి దగ్గర్లోనే దొరుకుతాయి. వెళ్లండి. నాలుగో విడత దాకా ఉండండి, టిప్ జార్‌లో పది డాలర్లు వేయండి. ఇక్కడ ఇంట్లో పెళ్లికి ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్లు బేరం మొదలుపెట్టే ముందు పాడే మూడు గంటలతో పాటు రిహార్సల్ గంటలు, వ్యాన్ ఖర్చు, సామాను మోసే పని కూడా కలిపి లెక్క కట్టండి. వాళ్లకు వేళకు భోజనం పెట్టండి. శబ్దం ఇంకా పెంచమని మాత్రం అడగకండి.