కరెంట్ మిర్రర్‌కు వేడి తగిలితే

ఎలక్ట్రానిక్స్ చదివే ఒక అమ్మాయి ల్యాబ్‌లో అడిగింది: “సార్, రెండు కరెంట్లూ సమానమని పుస్తకంలో ఉంది కదా. నేను ఈ ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకుంటే చాలు, మీటర్ ఎక్కుతోంది. ఒక్క వైరు కూడా కదల్చలేదు. ఎందుకు?” బ్రెడ్‌బోర్డ్ మీద ఉన్నవి రెండు బీసీ547లు, ఒక రెసిస్టర్, ఒక మల్టీమీటర్. అంత చిన్న సర్క్యూట్ మీద ఇంత మంచి ప్రశ్న అరుదుగా వస్తుంది.

కరెంట్ మిర్రర్ కట్టడం మీకు తెలిసిందే. రెండు ట్రాన్సిస్టర్ల బేస్‌లను ఒకచోట, ఎమిటర్లను ఒకచోట కలిపి, మొదటిదాని కలెక్టర్‌ను దాని బేస్‌కే ముడేస్తాం. మొదటిదాంట్లోకి ఒక మిల్లీ ఆంపియర్ పంపితే, ఆ కరెంట్‌కు ఎంత బేస్-ఎమిటర్ వోల్టేజ్ కావాలో అంత, సుమారు 0.65 వోల్టులు, దానంతట అదే ఏర్పడుతుంది. అదే వోల్టేజ్ రెండోదానికీ అందుతుంది కనుక అదీ ఒక మిల్లీ ఆంపియర్ లాగుతుంది. ఇది నిజం కావాలంటే రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చం ఒకేలా తయారై ఉండాలి, రెండూ ఒకే వేడిలో ఉండాలి. పాఠాల్లో మొదటి షరతు గట్టిగా చెప్తాం, రెండోది తరచుగా దాటేస్తాం.

సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో కరెంట్ మారకుండా ఉంచి ఒక డిగ్రీ వేడి పెంచితే బేస్-ఎమిటర్ వోల్టేజ్ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వోల్టేజ్‌ను కదలనివ్వకుండా వేడి పెంచితే కరెంటే పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 8 శాతం. ఇంత చిన్న వోల్టేజ్‌కు అంత ప్రభావం ఎందుకంటే, ఈ రెండింటి మధ్య ఉన్నది ఎక్స్‌పొనెన్షియల్ సంబంధం. గది ఉష్ణోగ్రతలో 26 మిల్లీవోల్టులు పెంచితే కరెంట్ 2.7 రెట్లవుతుంది, 60 పెంచితే పది రెట్లు.

గది మొత్తం 20 డిగ్రీల నుంచి 40కి వెళ్లినా మిర్రర్‌కు పెద్దగా ఇబ్బంది లేదు. మొదటి ట్రాన్సిస్టర్ వోల్టేజ్ 40 మిల్లీవోల్టులు దిగుతుంది, రెండోదానికి అందేదీ అంతే దిగుతుంది, వేడి వల్ల రావలసిన పెరుగుదల అక్కడే రద్దవుతుంది. ఈ సర్క్యూట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. చిక్కంతా రెండింటి వేడి వేరైనప్పుడు వస్తుంది. ఆ అమ్మాయి వేళ్లు చేసింది అదే పని.

వేళ్లు తగలకపోయినా ఆ తేడా రావచ్చు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 10 వోల్టులు ఉన్నాయనుకోండి. ఒక మిల్లీ ఆంపియర్‌తో అది 10 మిల్లీవాట్లు ఖర్చు చేస్తుంది. బీసీ547 ప్లాస్టిక్ ఒంట్లో మిల్లీవాట్‌కు సుమారు 0.2 డిగ్రీలు ఎక్కుతుంది, అంటే 2 డిగ్రీలు. మొదటిదాని మీద 0.65 వోల్టులే కనుక అది చల్లగా ఉంటుంది. 2 డిగ్రీలంటే కరెంట్ 17 శాతం పెరగాలి. పెరిగిన కరెంట్ ఇంకాస్త వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఇంకాస్త కరెంట్‌ను లాగుతుంది. లెక్క చివరకు 20 శాతం దగ్గర నిలుస్తుంది. అదే 10 వోల్టుల దగ్గర 5 మిల్లీ ఆంపియర్లతో మొదలుపెడితే లెక్క ఎక్కడా నిలవదు. బయటి లోడ్ అడ్డుపడేదాకా కరెంట్ ఎక్కుతూనే పోతుంది. థర్మల్ రనవే అనేది దీన్నే.

1960లలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో పనిచేసిన ఇంజనీర్ బాబ్ విడ్లర్ ఈ సమస్యను మూలంలోనే పట్టుకున్నాడు. అప్పటి ఐసీల మీద రెసిస్టర్ విలువ 20 శాతం అటూ ఇటూ రావడం మామూలు. విడిభాగాలతో సర్క్యూట్లు కట్టినవాళ్లకు అది పెద్ద లోపంగా కనిపించింది. విడ్లర్ చూసింది ఇంకో వైపు. చిప్ మీద పక్కపక్కన ఉన్న రెండు ట్రాన్సిస్టర్లు ఒకే వాయలో దిగిన ఇడ్లీల్లా ఉంటాయి: విలువ ఎంతో ముందుగా చెప్పలేకపోయినా, ఒకదానికొకటి సరిపోతాయని చెప్పొచ్చు. పైగా అవి ఒకే సిలికాన్ ముక్క మీద ఉన్నాయి కనుక వేడి కూడా ఒకటే. సంచిలోంచి వంద ట్రాన్సిస్టర్లు తీసి కొలిచి జత కట్టినా ఆ రెండో లాభం దొరకదు. ఒక ఎమిటర్‌కు మాత్రమే రెసిస్టర్ పెట్టి, పెద్ద కరెంట్ నుంచి చిన్న కరెంట్ తీసే పద్ధతికి ఆయన 1965లో పేటెంట్ దరఖాస్తు వేశాడు. మన ఇంజనీరింగ్ ల్యాబుల్లో అందరూ వాడే 741 ఆప్-ఆంప్ లోపల అది ఉంది: ఒకవైపు 0.73 మిల్లీ ఆంపియర్లు వెళ్తే, 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వల్ల రెండోవైపు 19 మైక్రో ఆంపియర్లే వస్తాయి. ఆ 19ని సూటిగా ఒక రెసిస్టర్‌తో తెద్దామంటే మెగా ఓమ్ పైచిలుకు కావాలి. అంత రెసిస్టర్ చిప్ మీద చోటంతా తినేస్తుంది.

1967లో టెక్‌ట్రానిక్స్ కంపెనీలో ఇద్దరు ఇంజనీర్లు, జార్జ్ విల్సన్, బారీ గిల్బర్ట్, ఒక పందెం వేసుకున్నారు. మూడే ట్రాన్సిస్టర్లతో మెరుగైన మిర్రర్‌ను తెల్లారేసరికి ఎవరు గీస్తారని. గిల్బర్ట్ సామాన్యుడు కాదు, ఈనాటికీ రేడియో చిప్‌లలో ఉండే గిల్బర్ట్ సెల్‌కు ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. అయినా పందెం విల్సన్ గెలిచాడు.

సాదా మిర్రర్‌లో రెండు బేస్‌లకూ కావలసిన కరెంట్ ఇన్‌పుట్ నుంచే పోతుంది. ట్రాన్సిస్టర్ కరెంట్ గెయిన్ 100 అయితే 2 శాతం తప్పు. విల్సన్ జంట పైన మూడో ట్రాన్సిస్టర్‌ను నిలబెట్టాడు. దాని బేస్ ఇన్‌పుట్‌కు, ఎమిటర్ కింది జంటకు, కలెక్టర్ అవుట్‌పుట్‌కు. అవుట్‌పుట్ కాస్త పెరిగితే కింది జంట దాన్ని పసిగట్టి ఇన్‌పుట్ వైపు ఎక్కువ లాగుతుంది, మూడోదాని బేస్ దిగుతుంది, అవుట్‌పుట్ మళ్లీ తగ్గుతుంది. ఒకచోట పోయిన బేస్ కరెంట్ ఇంకోచోట దాదాపు పూర్తిగా సర్దుబాటవుతుంది. 2 శాతం తప్పు 0.02కు పడిపోతుంది.

పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. నా దృష్టిలో అసలు గొప్పతనం ఇంకా ఉంది. అవుట్‌పుట్ దగ్గర 10 వోల్టులున్నా, 30 ఉన్నా, ఆ భారమంతా మూడో ట్రాన్సిస్టర్‌దే. కాలేది అదొక్కటే. సరిపోలవలసిన కింది జంటలో ఒకదాని మీద 0.65 వోల్టులు, ఇంకోదాని మీద 1.3 వోల్టులు, అంతే. మిల్లీ ఆంపియర్ దగ్గర వాటి మధ్య వేడి తేడా 0.13 డిగ్రీలు, తప్పు ఒక శాతం. మూడోదాని బేస్-ఎమిటర్ వోల్టేజ్ వేడికి ఎంత జారినా ఫీడ్‌బ్యాక్ దాన్ని సరిదిద్దుతుంది. నాలుగో ట్రాన్సిస్టర్‌ను డయోడ్‌గా కలిపితే ఆ 0.65 వోల్టుల తేడా కూడా పోతుంది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. చిప్ మీద ఒక మూల వేడెక్కితే జంటలో ఒకటే ఎక్కువ కాలకూడదని, ఒక్కో ట్రాన్సిస్టర్‌ను రెండు ముక్కలు చేసి చతురస్రం మూలల్లో ఎదురెదురుగా పెట్టారు. వేడి ఏ వైపు నుంచి సమంగా వాలినా రెండింటికీ సగటు ఒకటే. ఫెయిర్‌చైల్డ్ వాళ్ల మ్యూఏ726 ట్రాన్సిస్టర్ జంట అయితే తన చిప్‌ను తానే కాచుకుని ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలుపుకునేది. సంగీత సింథసైజర్లలో శ్రుతి తప్పకుండా ఉండటానికి దాన్ని వాడారు. మాస్‌ఫెట్‌ల కాలం వచ్చాక, వైశాల్యం నాలుగింతలు చేస్తే పోలిక తేడా సగమవుతుందని 1989లో పెల్‌గ్రోమ్ బృందం చూపింది.

విడి ట్రాన్సిస్టర్లతో మిర్రర్ కట్టేవాళ్లకు నా సలహా ఇది. రెండింటి చదును ముఖాలను ఎదురెదురుగా ఆనించి థర్మల్ జిగురుతో అతికించండి. ఒక మిల్లీ ఆంపియర్‌కైతే ఒక్కో ఎమిటర్‌లో 100 ఓమ్‌లు పెట్టండి, డిగ్రీకి 8 శాతం తప్పు 1.6కు దిగుతుంది. వోల్టేజ్ ఎక్కువుంటే సాదా మిర్రర్ జోలికి పోకుండా విల్సన్‌నే కట్టండి. మూడో ట్రాన్సిస్టర్‌కు అయ్యేది కొద్ది రూపాయలే.