కచేరీలలో ధ్యానము

గడచిన సంక్రాంతి పండుగకు మా ఆడబిడ్డ హైదరాబాదునుండి మా యింటికి వచ్చినది. ఆమె యచ్చట నొక కంప్యూటరు కంపెనీలో నుద్యోగము చేయుచున్నది. భోగినాటి రాత్రి అరిసెలు వండుట ముగించి మేమిరువురమును వసారాలో గూర్చుండియుండగా నామె యిట్లనెను:

"వదినా! మా కచేరీలో ప్రతి బుధవారమును అరగంటసేపు మాచే ధ్యానము చేయించుచున్నారు. దీపములు తగ్గించి, చాపలు పఱపించి, ఊపిరిని గమనింపుడని చెప్పుదురు. అరగంట కాగానే మరల బల్లయొద్దకు బోవలయును. ఆ రాత్రి పదునొకండు గంటలైనను పని తెమలదు. కన్నులు మూసికొన్నను ఫోను మ్రోగునేమో యను భయము నన్ను విడువదు. నాకు ధ్యానము పట్టుబడకపోవుట నా లోపమేనా?"

ఆ ప్రశ్నకు నాడు మేము తగిన యుత్తర మీయలేకపోతిమి. పిదప కొన్ని గ్రంథములు చదివితిమి. ఎఱిగినవారి నడిగి తెలిసికొంటిమి. ఇట్టి కచేరీలలో పనిచేయు కొడుకో, కూతురో, కోడలో గల గృహములు నేడనేకములు. కావున మాకు దెలిసినంత సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కచేరీలలో జేయించు నీ ధ్యానమునకు మూలము బౌద్ధము. పాళీభాషలోని సతిపట్ఠాన సుత్తమునందు శ్వాసను, దేహమును, సుఖదుఃఖముల యనుభూతులను, చిత్తవృత్తులను ఉన్నవి యున్నట్లుగా గమనించు విధము చెప్పబడినది. "సతి" యనగా స్మృతి, మెలకువ. దీనినే నేటి యింగ్లీషువారు "మైండ్‌ఫుల్‌నెస్" అనుచున్నారు. అయితే బుద్ధుడు చెప్పిన యష్టాంగమార్గమున సమ్యక్ స్మృతి యొక యంగము మాత్రమే. సమ్యగ్వాక్కు, సమ్యక్కర్మ, సమ్యగాజీవము దాని తోడబుట్టువులు. ఇతరులను బాధింపని మాట, న్యాయమైన నడవడి, ధర్మమైన జీవిక యుండవలెనని వాని భావము. ఒక్క తోబుట్టువును మాత్రము పిలిచి పీట వేసి, తక్కినవారిని వీధిలో నిలుపుట మర్యాద గాదుగదా!

1979లో అమెరికాదేశమున మాసచూసెట్సు విశ్వవిద్యాలయపు వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ అను నాయన, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకొఱకు ధ్యానశిక్షణ నేర్పరచెను. మతసంబంధమైన మాటలను విడిచి, అందఱకు నందుబాటులోనికి దెచ్చెను. తరువాత నిది వైద్యశాలలనుండి వ్యాపారసంస్థలకు బ్రాకెను. 2007లో గూగుల్ సంస్థ తన యుద్యోగుల కిట్టి శిక్షణ ప్రారంభించెను. దానిని జూచి యనేక సంస్థలు గూడ నట్లే చేసినవి.

కాని యీ పద్ధతి అమెరికాలోనే పుట్టినదనుకొనుట పొరపాటు. అంతకు మున్నే మన పొరుగున నున్న బర్మాదేశమున నొక ప్రభుత్వ కార్యాలయము ధ్యానమందిరమైన వృత్తాంతము కలదు. సయాజీ ఊ బా ఖిన్ అను నాయన రంగూనులో 1899లో జన్మించెను. అకౌంటెంటు జనరలు కార్యాలయమున గుమాస్తాగా జేరి, క్రమముగా మీదికి వచ్చెను. 1937లో సయా థెట్‌జీ యను గురువునొద్ద ధ్యాన మభ్యసించెను. ఆ గురువు సన్న్యాసి కాడు. భార్యాబిడ్డలతో బ్రదికిన సామాన్య కర్షకుడు. బర్మాకు స్వాతంత్ర్యము వచ్చిన 1948 జనవరి 4వ తేదీననే ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంటు జనరలాయెను. 1950లో తన కార్యాలయపు టుద్యోగులకొఱకే యొక విపశ్యనా సంఘమును స్థాపించెను. 1952లో రంగూనులో ధ్యానకేంద్రమును నెలకొల్పెను.

ఇందు గమనింపదగినది యేమనగా, ఆయన ఉద్యోగులను ధ్యానమునకు గూర్చుండబెట్టి తాను వేఱొక గదిలో హుకుములు వ్రాయుచు నుండలేదు. మొదట తానభ్యసించి, పిదప దానినే వారికి స్వయముగా బోధించెను. లంచమునకు లొంగనివాడని, ప్రభుత్వ శాఖలలోని యవినీతిని దొలగింప బాటుపడినాడని ఆయనకు పేరు. అధిపతి నడవడియే ఆ కార్యాలయమునకు తొలి పాఠమన్నమాట.

ఆయన శిష్యుడే సత్యనారాయణ గోయెంకాగారు. వీరు 1924లో మాండలేలో మార్వాడీ వర్తక కుటుంబమున బుట్టిరి. చిన్నతనముననే గొప్ప వ్యాపారస్థులైరి. కాని తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి వారిని బాధించుచుండెను. మార్ఫియా సూదులవలన దప్ప నుపశమము లేదు. విదేశముల వైద్యులును నయము చేయజాలరైరి. అప్పుడు వారు ఊ బా ఖిన్‌గారి నాశ్రయింపగా, తలనొప్పి పోవుటకే యైన రావలదని ఆయన త్రిప్పి పంపెనట! చిత్తశుద్ధికై వచ్చినచో రావచ్చును. రోగము తగ్గిన నది వెంట వచ్చు ఫలమేగాని, గమ్యము గాదని ఆయన యభిప్రాయము. 1955లో గోయెంకాగారు ఆ భావముతోనే పది దినముల శిక్షణ పొందిరి. 1969లో భారతదేశమునకు వచ్చి, 2013లో కాలధర్మము నొందువఱకు నా విద్యను బోధించిరి. హైదరాబాదు సమీపమున నాగార్జునసాగరు మార్గమందలి "ధమ్మఖేత్త" వారి సంప్రదాయపు కేంద్రమే. అచ్చటి పది దినముల శిక్షణలో మౌనము పాటింపవలెను, రుసుము లేదు, మొదటి దినముననే పంచశీలములను స్వీకరింపవలెను.

తలనొప్పికే ధ్యానము వలదనిన ఆ గురువు, "పని యెక్కువ చేయించుటకై ధ్యాన మీయుడు" అని యడుగు సంస్థాధిపతికి ఏమని యుత్తర మిచ్చియుండునో సోదరీమణులే యూహింపగలరు.

ఈ యరగంట ధ్యానములవలన నుద్యోగులకు మేలు కలుగుచున్నదా? 2024లో బ్రిటనులో నొక పరిశోధన ప్రకటింపబడినది. 233 సంస్థలలోని 46,336 మంది యుద్యోగుల సమాధానములను పరిశీలింపగా, ధ్యానశిక్షణమువంటి వానిలో జేరినవారి స్థితి చేరనివారికంటె మెఱుగుగా గానరాలేదట. దీనివలన ధ్యానము నిష్ఫలమని చెప్పరాదు. శ్రద్ధతో నభ్యసించి నెమ్మది పొందినవారు పెక్కండ్రు గలరు. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ యిచ్చిన సూచనలలో గూడ ధ్యానాదులకు స్థానమున్నది. కాని వానితోబాటు, పనిభారము మితముగా నుండవలెననియు, పై యధికారులకు గూడ శిక్షణ యీయవలెననియు నా సంస్థ చెప్పినది.

బౌద్ధవాఙ్మయమున సోణుడను సుకుమారుని కథ యున్నది. అతడు భిక్షువై, పాదములనుండి నెత్తురు గాఱువఱకు నడచుచు సాధన చేసి, ఫలము గానక నిరాశ చెందెను. అతడు పూర్వము వీణ వాయించువాడు. తంత్రి మిక్కిలి బిగించినను, మిక్కిలి వదలినను స్వరము పలుకునా యని బుద్ధుడతని నడిగి, సాధనయు నట్టిదే యని బోధించెను. సోణుడు తన తంత్రిని తానే బిగించుకొనెను. కావున తానే వదలుకొనగలిగెను. మా ఆడబిడ్డ తంత్రిని బిగించుచున్న చేయి వేఱు. బిరడ నొకరు త్రిప్పుచుండగా, స్వరము చెడినదని తంత్రిని నిందించుట న్యాయమా?

ఉగాదికి ఆమె మరల వచ్చినప్పుడు మేమిట్లు చెప్పితిమి: "అమ్మాయీ! లోపము నీది గాదు. ఉదయము లేచి పది నిమిషములు నీ కొఱకై కూర్చుండి ఊపిరిని గమనింపుము. మనస్సు పరుగెత్తిన కోపపడక మరల దెచ్చుకొనుము. నిద్ర పట్టక, దిగులు తఱుగక యున్నచో వైద్యుని జూడుము. ఇక రాత్రిపూట పనిమాట, అది ధ్యానముతో దీఱునది గాదు. నోరు విప్పి యడుగవలసినది." ఆమెయు తోడివారు నలువురును గలసి, రాత్రి తొమ్మిది గంటల పిదప ఫోనులు చేయవలదని పై యధికారికి విన్నపము వ్రాసికొనిరి. ఉత్తర మింకను రాలేదు.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మాకొక సంగతి తోచి సిగ్గు కలిగినది. ఆ పండుగ మూడు దినములును, ప్రయాణపు బడలికతో వచ్చిన యా పిల్లచేతనే మేము పిండి దంపించితిమి, పొయ్యియొద్ద నిలువబెట్టితిమి. "ఇంటికి వచ్చితివిగదా, విశ్రాంతి దీసికొనుము" అని నోట ననుచునే యుంటిమి! ఇల్లు గూడ నొక కచేరియే. అందు బిరడ పలుమాఱు మన చేతనే యుండును. సాయంకాలము పనినుండి వచ్చిన కూతురికి గాని, కోడలికి గాని ధ్యానము చేసికొమ్మని చెప్పుటకు ముందు, ఆమె చేతిలోని గిన్నె మన మందుకొందుము గాక.