పెద్దవయసు గుఱ్ఱముతో దూరపు సవారి

“గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకుఁ దక్కువ లేదు” అని మనలో నొక సామెత కలదు. పనికిరాని దానిని పోషించువాని విసుగది. పదునెనిమిదేండ్ల గుఱ్ఱము శాలలో నిలువఁబడి గడ్డి మేయుచుండఁగాఁ జూచినవారును ఇట్లే అనుకొందురు. కాని అమెరికా దేశమునఁ బెక్కుమంది స్త్రీలు అట్టి గుఱ్ఱమునకే జీను వేసి దూరపు సవారికి సిద్ధపఱచుచున్నారు. అది సాహసమా, క్రౌర్యమా యని సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే.

ఈ క్రీడ కాలిఫోర్నియాలోఁ బుట్టినది. ఈ కాలపు గుఱ్ఱము ఒక్క దినమున నూఱు మైళ్లు నడవలేదని కొందఱు వాదింపఁగా, 1955లో వెండెల్ రోబీ అను నాతఁడు మఱికొందఱితోఁ గూడి టాహో సరస్సు ప్రాంతమునుండి కొండదారుల వెంట ఆబర్న్ పట్టణము చేరెను. 1972లో ఏర్పడిన ‘అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్’ ఇట్టి సవారీలకు నియమములు చేసినది. ఏఁబది మైళ్ల సవారికి గుఱ్ఱమునకు అయిదేండ్లు నిండవలెను. పైవయసునకు హద్దు లేదు. స్త్రీలును బురుషులును ఒకే వరుసలోఁ బోటీ చేయుదురు. అన్నిటికంటె ముందు వచ్చుటకన్న గుఱ్ఱమును ఆరోగ్యముతో గమ్యము చేర్చుటయే ఘనతగా ఎన్నుదురు.

ఎల్మర్ బాండిట్ అను సగము అరబ్బీ జాతి గుఱ్ఱము 2008లో, ముప్పదియేడేండ్ల ప్రాయమున, ఇట్టిదే యగు మఱియొక తెగ సవారీలలో అందఱికంటె నెక్కువ దూరము నడచిన గుఱ్ఱముగాఁ బేరు పొందినది. 2010లో మరణించునాఁటికి దాని లెక్క 20,780 మైళ్లు. అయితే దానికి ఏండ్ల తరబడి అలవాటు కలదు. శాలలోఁ గూర్చుండిన గుఱ్ఱముతో దానిని బోల్చుట పొరపాటు.

మొదలు పెట్టుటకు ముందు పశువైద్యునిఁ బిలువవలెను. దంతములు అరిగి మొనలు దేఱినచో మేఁత నలుగదు. నలుగని మేఁత బలమీయదు. వేసవి వచ్చినను దట్టపు బొచ్చు రాలకున్నచో అది ముదిమిలోఁ గనఁబడు ఒక గ్రంథిరోగమునకు గుఱుతు కావచ్చును. దాని వలన డెక్కలు వాఁచి గుఱ్ఱము కుంటఁగలదు. వయసుతో వెన్ను లోఁతు పడును గనుక పూర్వపు జీను ఇప్పుడు సరిపడకపోవచ్చును.

తరువాత నడిపింపవలెను, పరుగెత్తింపరాదు. ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. గుండెయు ఊపిరియు కొన్ని వారములకే చురుకెక్కును. కండలకు కొన్ని నెలలు పట్టును. నరములు, ఎముకలు, డెక్కలు గట్టిపడుటకు ఏఁడాదియో అంతకెక్కువయో కావలెను. గుఱ్ఱము ఉత్సాహముతో ముందుకు లాగుచుండును, సవారి చేయు నామె సంతోషించును, కాలిలోని స్నాయువు మాత్రము ఇంకను సిద్ధపడలేదు. అందువలన ఒకమాఱు దూరము పెంచినచో వేగము పెంచరాదు. వేగము పెంచిన వారమున దూరము తగ్గింపవలెను. ముసలి కీళ్లు నెమ్మదిగా వేఁడెక్కును గనుక మొదటి అరగంట నడకయే మేలు. వేఁడిమీఁద నున్న గుఱ్ఱమునకు నీరీయరాదను పాత భయము నిజము గాదు. దారిలో దొరకినచోట నెల్లఁ ద్రాగనీయవలెను.

సవారి మొదటి మాఱు ఇరువదియైదు మొదలు ముప్పదియైదు మైళ్ల లోపలిది చాలును. నడుమ నడుమ వైద్యులు ఆపి పరీక్షింతురు. ఊరక నిలిచిన గుఱ్ఱపు నాడి నిమిషమునకు ముప్పది నలుబది నడుమ నుండును. విశ్రాంతిలో అది సాధారణముగ అఱువదికిఁ గాని అఱువదినాలుగునకుఁ గాని దిగవలెను. దిగనిచో ముందుకుఁ బోనీయరు. కడుపులోని శబ్దము విందురు, చిగుళ్ల రంగు చూతురు, కొంచెము పరుగెత్తించి కుంటునేమో కనిపెట్టుదురు. నొప్పి తెలియనీయని మందులు నిషిద్ధములు. ముసలి గుఱ్ఱమునకు అట్టి మందు నిత్యమును గావలసియున్నచో, దానికి ఈ క్రీడ తగదన్నమాట. అది మందు లేక నడవలేదని తెలిసినప్పుడు ఇంటిచుట్టు షికారుతోఁ దృప్తి పడుట యజమానురాలి వంతు. మనసునకుఁ గష్టమే, కాని గుఱ్ఱము నోరు విప్పి వద్దనలేదు గదా!

ఇంటికి వచ్చిన మఱునాఁటి యుదయమున కాళ్లు నాలుగును తడిమి చూడవలెను. ఒకచోట వేఁడిగాని వాఁపుగాని తోఁచినచో, రెండవ సవారికిఁ బేరు వ్రాయించుట వాయిదా వేసికొని వైద్యునికిఁ గబురు పంపవలెను.