కంటికి కానరాని శుభ్రత
శస్త్రచికిత్సా పరికరములను క్రిమిరహితము చేయుటను గూర్చి

దక్షిణ అండమాను దీవిలో, అండమాన్ ట్రంక్ రోడ్డు పోవు దారిలో, ఫెరార్గంజ్ అను ఊరు కలదు. 1923 నుండి 1931 వరకు ఈ దీవులకు చీఫ్ కమిషనరుగా నుండిన ఫెరార్ దొర పేరుమీద వెలసిన ఈ ఊరు నేడొక తహసీలునకు కేంద్రము. ఈ దీవులలో బెంగాలీ, తమిళము, హిందీ, మలయాళము మాటలాడు కుటుంబముల నడుమ తెలుగు కుటుంబములును అనేకము కలవు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడనెక్కి వచ్చినవారే.

పోకతోటలలోను, కొబ్బరితోటలలోను పనిచేయువారికి కత్తిగాటు క్రొత్తది కాదు. ఇట్టి ఊరిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున గాయములకు కుట్లు వేయుదురు, గడ్డ కోసి చీము తీయుదురు, కాన్పులు చేయుదురు. కడుపు కోయవలసిన పెద్ద ఆపరేషను అయినచో, 2024 వరకు పోర్టు బ్లెయరని పిలువబడి నేడు శ్రీ విజయపురమైన పట్టణములోని గోవింద్ వల్లభ్ పంత్ వైద్యశాలకు పోవలెను. బాంబూఫ్లాట్ వరకు బస్సులో పోయి, అచ్చటనుండి చాథమ్ రేవునకు ఫెర్రీ మీద దాటుదురు; లేదా చుట్టుదారిన పోవుదురు. కుట్లు వేయించుకొని ఇంటికి వచ్చిన మనిషికి మూడవ నాటి రాత్రి జ్వరము వచ్చి పుండు చీము పట్టినచో, ఆ దారి యెంత దూరమో ఆ యింటివారికే తెలియును.

పుండు చీము పట్టుటకు కారణములు పెక్కు గలవు. రోగి బలహీనత, గాయములోని మట్టి, డాక్టరు చేతులు, గదిలోని గాలి, ఇవన్నియు లెక్కలోనివే. కాని వీనిలో పూర్తిగా మానవుని చేతిలో నున్నది ఒకటి కలదు. శరీరము లోపలికి పోవు కత్తి, కత్తెర, ఫోర్సెప్స్, సూది మొదలగు వానిమీద ఒక్క క్రిమియైనను బ్రదికి యుండకుండ చేయుట మన చేతిలోని పని.

ఇది యేమరినచో ఏమగునో తెలుగుదేశమున ఇటీవలనే చూచితిమి. 2022వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నములో, ప్రభుత్వ వైద్యశాలయందు, ఒకే దినమున 34 మంది స్త్రీలకు లాప్రోస్కోపు ద్వారా కుటుంబ నియంత్రణ ఆపరేషనులు జరిగెను. కొద్ది దినములలోనే వారిలో నలుగురు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదు వైద్యశాలలకు తరలించి చికిత్స చేయవలసి వచ్చెను. ప్రభుత్వము విచారణ జరిపింపగా, సూక్ష్మజీవులు సోకకుండ తీసికొనవలసిన జాగ్రత్తలలోని లోపమే కారణమని తేలెను. మరణించినవారు రోగులు కారు. ఆరోగ్యవంతులైన యువతులు, పసిబిడ్డల తల్లులు. రోగమును కుదుర్చుటకు గాక, ముందు జాగ్రత్తకై చేయించుకొన్న ఆపరేషను అది.

శుభ్రము వేరు, క్రిమిరహితము వేరు. సబ్బుతో తోమి తళతళలాడునట్లు తుడిచిన కత్తిమీద లక్షలకొలది సూక్ష్మజీవులుండవచ్చును, కంటికి అగపడవు. మరిగించిన చాలునని చాలమంది తలంతురు. మరుగునీట ఇరువది నిమిషములుంచిన సాధారణ క్రిములు చచ్చును, నిజమే. కాని కొన్ని క్రిములు తమకు ప్రతికూలమైన కాలమున గట్టి పెంకువంటి పొరను కట్టుకొని నిద్రించును. ఈ దశను సిద్ధబీజమందురు. మట్టిలోను, పశువుల పేడలోను ఉండెడి ధనుర్వాతపు క్రిమి ఈ జాతిదే. సిద్ధబీజములు గంటలతరబడి మరిగినను కొన్ని చావక నిలుచును. పిదప గాయములో చేరి మేలుకొనును. పూర్వము మన పల్లెలలో మంగలికత్తితోనో కొడవలితోనో బొడ్డుకోసిన శిశువులు వారము తిరుగకముందే పాలు త్రాగుట మాని, బిగుసుకొని చనిపోవుటకు ఇదే హేతువు. తల్లులకు టీకాలు వేయుటవలనను, శుభ్రమైన పరికరములతో కాన్పు చేయుటవలనను ఈ రోగము తగ్గినది. పసికందుల ధనుర్వాతము మనదేశమున ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించెను.

మరుగునీటికి లొంగని సిద్ధబీజములు దేనికి లొంగును? ఒత్తిడిలో నున్న ఆవిరికి. మూతలేని గిన్నెలో ఎంతసేపటికి ఉడకని కందిపప్పు ప్రెషర్ కుక్కరులో త్వరగా మెత్తబడుట గృహిణులందరు ఎరుగుదురు. నీరు మామూలుగా 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. ఆవిరిని మూసి బంధించినచో ఒత్తిడి పెరిగి వేడియు పెరుగును. చదరపు అంగుళమునకు 15 పౌనుల ఒత్తిడిలో శుద్ధమైన ఆవిరి 121 డిగ్రీల వేడి కలిగియుండును. పాస్టరు శిష్యుడైన షాంబర్లాన్ 1879లో ప్రాన్సులో ఈ సూత్రముమీద ఆటోక్లేవు అను యంత్రమును కూర్చెను. అంతకు ముందు 1860 తరువాతి యేండ్లలో గ్లాస్గో నగరమున లిస్టరు అను శస్త్రవైద్యుడు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను, పరికరములను తడిపి, చీము పట్టుటను చాలవరకు తగ్గించెను. లిస్టరు పద్ధతి క్రిములను మందుతో ఎదుర్కొనెను. ఆవిరి పద్ధతి వానిని ఆపరేషను గదిలోనికి రానీయకుండ ముందే తుదముట్టించును. నేటికిని పెద్ద వైద్యశాలలలో గాని చిన్న కేంద్రములలో గాని ఉక్కు పరికరములకు ఆవిరిని మించినది లేదు.

అయితే ఆటోక్లేవులో పెట్టినంత మాత్రమున పని పూర్తికాదు. మొదట కడుగుట. రక్తము ఎండి అట్టకట్టిన చోట ఆవిరి తగులదు. ఆ అట్ట క్రింద క్రిమి క్షేమముగా నుండును. కనుక ఆపరేషను ముగియగనే, రక్తము ఎండకముందే, చేతులకు రబ్బరు తొడుగులు తొడుగుకొని, పరికరములను విప్పి, నీటిలో ముంచియే బ్రష్షుతో తోమవలెను. కత్తెర కీలు, ఫోర్సెప్స్ పళ్లసందు, ఇవియే క్రిములకు దాగుడుచోట్లు. క్లోరిన్ నీటిలో రాత్రియంతయు నానవేసినచో ఉక్కు తుప్పుపట్టును. తుప్పు గుంటలును అట్టి దాగుడుచోట్లే. సముద్రపు ఉప్పుగాలి వీచు దీవులలో ఈ మాట మరింత ఎక్కువగా గుర్తుంచుకొనదగినది.

తరువాత, గాలి. ఇదియే ఎక్కువమంది గమనింపని సంగతి. యంత్రములోని గాలిని పూర్తిగా బయటికి పోనీయక మూసివేసినచో, ముల్లు 15 పౌనులే చూపును. కాని లోపలి వేడి 121 డిగ్రీలు ఉండదు. గాలిలో సగము మిగిలియున్న ఎడల సుమారు 112 డిగ్రీలే ఉండును. గాలి అంతయు ఉండిపోయిన 100 డిగ్రీలకు మించదు. ముల్లును నమ్మినవాడు పూర్తిగా మోసపోవును. అందుచేత ఆవిరి ధారగా వెలువడువరకు గాలిమరను తెరచియుంచవలెను. గుడ్డలను, పరికరములను కుక్కి నింపరాదు. ఇడ్డెన పళ్లెములను ఎడమెడముగా పేర్చినగాని నడిమివి ఉడకవు గదా! డ్రమ్ము ప్రక్కనున్న చిల్లులను లోపల పెట్టునపుడు తెరవవలెను. బయటికి తీయగనే మూయవలెను. ఈ చిన్నపని మరచిన డ్రమ్ములోనికి ఆవిరి సరిగా పోనే పోదు. వేడి 121 డిగ్రీలకు చేరిన తరువాతనే కాలము లెక్కింపవలెను: చుట్టనివానికి 20 నిమిషములు, గుడ్డలో చుట్టినవానికి 30 నిమిషములు.

ఈ దీవులలో కరెంటు చాలవరకు డీజిలు యంత్రములమీద నడచును. నడుమ కరెంటు పోయి ఒత్తిడి పడిపోయినచో, మిగిలిన నిమిషములను తరువాత చేర్చుట కాదు. లెక్క మొదటినుండి ప్రారంభింపవలెను. పొయ్యిమీదనో గ్యాసుమీదనో నడచు చిన్న ఆటోక్లేవు ఒకటి కేంద్రమున సిద్ధముగా నుండుట మేలు. దానిని పాతకాలపు వస్తువని చిన్నచూపు చూచువారు కలరు. తుపాను రాత్రి కాన్పునకు వచ్చిన స్త్రీకి దాని విలువ తెలియును.

ఇక తడి. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టనీయని మన తల్లులకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. చుట్టిన గుడ్డ తడిగా నున్నచో, బయటి క్రిములు ఆ తేమవెంట లోపలికి ప్రాకిపోవును. ఒత్తిడి దిగిన పిదప మూత కొంచెము తెరచి, లోపలి వేడికే ఆరనిచ్చి తీయవలెను. తడిసిన మూటను అనుమానింపక మరల కడపటినుండి చేయవలెను. నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండింటను వానలు కురియు అండమానులో, గోడలే చెమ్మగిల్లు నెలలలో, మూటలను గోడకు దూరముగా మూసిన బీరువాలో ఉంచుట తప్పనిసరి. మూసిన డ్రమ్ము ఒక వారము వరకే చెల్లును. ఒకసారి తెరచినది 24 గంటలు మాత్రమే. డ్రమ్ము మీద తేదీ లేనిచో అది క్రిమిరహితము కానట్లే యెంచవలెను.

ఆవిరికి ఓర్వని సున్నితమైన పరికరములును కలవు. వానిని గ్లూటరాల్డిహైడు ద్రవములో నానవేయుదురు. రెండు శాతము ద్రవములో 20 నిమిషములు నానిన సాధారణ క్రిములు చచ్చును. సిద్ధబీజములు చచ్చుటకు 10 గంటలు పట్టును. పిదప క్రిమిరహితమైన నీటితోనే కడుగవలెను. ఇక్కడనే తొందర ప్రవేశించును. పరికరములు రెండు, బయట కూర్చున్నవారు ముప్పదిమంది అయినచో, ఇరువది నిమిషములు పదియగును, పది ఐదగును. గడియారము చూచువాడు లేడు. ఒక దినమున ఎన్ని ఆపరేషనులు చేయవచ్చునో డాక్టరు ఓపిక తేల్చదు. ఎన్ని జతల పరికరములు సిద్ధముగా నున్నవో అది తేల్చవలెను.

పని సరిగా జరిగినదని తెలియుట యెట్లు? మూటమీద అంటించు ప్రత్యేకమైన టేపుపై గీతలు ఆవిరి తగిలినంతనే నల్లబడును. ఇది మూట ఆటోక్లేవులోనికి పోయివచ్చినదని మాత్రమే తెలుపును. మూట నడుమ పెట్టు సూచికాపత్రము కొంత ఎక్కువ చెప్పును. అన్నిటికన్న నమ్మదగినది జీవపరీక్ష. వేడికి మిక్కిలి ఓర్చుకొను ఒకజాతి సిద్ధబీజములను చిన్నగొట్టములో ఉంచి పరికరములతోపాటు ఆవిరి పట్టించి, పిదప అవి మొలకెత్తునేమో చూతురు. అవియే చచ్చినచో మిగిలినవి చచ్చినట్లే. ఈ ఫలితములను, తేదీని, వేడిని, నిమిషములను, పనిచేసినవారి సంతకముతో రిజిస్టరులో వ్రాయవలెను. ఒక మూటలో దోషము తెలిసిన దినమున ఆ జట్టులోని తక్కిన మూటలేవో, ఎవరికి వాడిరో ఆ పుస్తకమే చెప్పగలదు.

ఈ పని చేయు నర్సుగాని అటెండరుగాని రోగులకు కనబడరు. ఆపరేషను బాగుగా జరిగినచో పేరు డాక్టరుగారికి వచ్చును. కాని ఆ మూలగదిలో గాలిమర తెరచి నిలుచున్న మనిషికి సరియైన శిక్షణయు, పాడైన రబ్బరు వలయమును మార్చుటకు క్రొత్తదియు, తగిన తీరికయు ఇయ్యక పోయినచో డాక్టరు నేర్పంతయు వృథా.

రోగియు అతని వెంట వచ్చినవారును చూడదగినవి కొన్ని కలవు. సూదిని మీ ఎదుట క్రొత్త కవరునుండి తీయుచున్నారా? డ్రమ్ముమీద తేదీ ఉన్నదా? మూట పొడిగా నున్నదా, టేపు గీతలు నల్లబడినవా? నెమ్మదిగా, మర్యాదగా అడుగవచ్చును: “అమ్మా, ఈ డ్రమ్ము ఏనాటిది?” పని శ్రద్ధగా చేయు నర్సమ్మ దీనికి నొచ్చుకొనదు, చీటీ త్రిప్పి చూపును. ఇంటికి వచ్చిన పిదప కుట్లచుట్టు ఎఱ్ఱబారుట, పోటు పెరుగుట, చీము, జ్వరము కనబడినచో పసరు కట్టక, మరునాటి ఫెర్రీకై వేచియుండక, అదే దినమున ఊరి ఆరోగ్య కేంద్రమునకు పోయి చూపించుకొనవలెను.